ఇద్దరి బడ్జెట్‌లో ఫ్రెంచ్ దీవి ఏది?

ప్రశ్న: నమస్తే అండీ. నేనూ మా ఆయనా ఎప్పటినుంచో ఒక దీవికి వెళ్ళాలనుకుంటున్నాం. వెచ్చటి సముద్రం ఉండాలి, దాంతోపాటు ఫ్రెంచ్ వాతావరణమూ కావాలి. పొద్దున్నే నడిచి వెళ్ళి బేకరీలో రొట్టె కొనుక్కోవాలి, చుట్టూ ఆ భాష వినబడాలి. ఎవర్ని అడిగినా పసిఫిక్‌లోని ఫ్రెంచ్ దీవి బోరా బోరా అంటున్నారు. అక్కడి గది అద్దెలు చూస్తే కళ్ళు తిరిగాయి. పది రోజులు ఉండగలం, బడ్జెట్ మామూలుదే. ఎక్కడికి వెళ్ళమంటారు?

జవాబు: బోరా బోరాని పక్కన పెట్టేయండి. దాని అందానికి వంక పెట్టలేం, కానీ అక్కడ డబ్బంతా నీళ్ళ మీద కట్టిన గదికే పోతుంది. పెద్ద రిసార్టులు చాలావరకు ప్రధాన దీవి చుట్టూ ఉన్న చిన్న చిన్న లంకల మీద ఉంటాయి, పడవెక్కితే తప్ప బయటికి రాలేరు. మీరు అడిగిన బేకరీకి నడిచి వెళ్ళే పొద్దు అక్కడ దొరకదు. కరీబియన్‌లోని సెయింట్ బార్త్స్ కూడా మీకు పనికిరాదు, అది బాగా డబ్బున్నవాళ్ళ యాట్లు, అంటే విలాస పడవలు ఆగే రేవు.

నన్నడిగితే కరీబియన్‌లోనే ఉన్న గ్వాదలూప్ వెళ్ళండి. 1946 నుంచి అది ఫ్రాన్స్‌లో ఒక డిపార్ట్‌మెంట్, అంటే పాలనపరంగా ఫ్రాన్స్‌లో ఒక జిల్లాలాంటిది. యూరోలు, ఫ్రెంచ్ బడులు, పోస్టాఫీసులు, టౌన్‌హాళ్ళు, మధ్యాహ్నం మూసేసే కొట్లు, అన్నీ ఉంటాయి. టూరిస్టులు లేకపోయినా ఆ జీవితం అలాగే సాగుతుంది, అందుకే నాకు అది నచ్చుతుంది. పారిస్ నుంచి ఎనిమిది గంటలకు పైగా ప్రయాణం. ఎయిర్ ఫ్రాన్స్, ఎయిర్ కరైబ్, కోర్సేర్ మూడూ ఆ దారిలో పోటీగా నడుస్తాయి కాబట్టి సెలవుల సీజన్ తప్పిస్తే టికెట్ మరీ దారుణంగా ఉండదు.

మ్యాపులో చూస్తే గ్వాదలూప్ రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. కుడి రెక్క గ్రాండ్-టెర్, చదునుగా ఉంటుంది, తెల్ల ఇసుక బీచ్‌లూ పెద్ద హోటళ్ళూ ఎక్కువ ఇటే. ఎడమ రెక్క బాస్-టెర్, అడవి, జలపాతాలు, దక్షిణ భాగంలో 1,467 మీటర్ల ఎత్తున ల సూఫ్రియేర్ అగ్నిపర్వతం. చాలామంది గ్రాండ్-టెర్‌లో సెయింట్-ఆన్ బీచ్ దగ్గర గది తీసుకుని అక్కడే ఉండిపోతారు. మీరు మాత్రం బాస్-టెర్ పడమటి తీరంలో, డెసే, బూయాంత్ ఊళ్ళ చుట్టుపక్కల చూడండి. డెసే దగ్గరి గ్రాండ్ ఆన్స్ పొడవాటి బంగారు రంగు ఇసుక తీరం. బూయాంత్ దగ్గరి మలాందూర్‌లో ఇసుక నల్లగా ఉంటుంది, ఎదురుగా పీజియన్ లంకల చుట్టూ ఉన్న సముద్రం, ఫ్రెంచ్ సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో పేరు మీద ఉన్న రక్షిత ప్రాంతం. మాస్కు, స్నార్కెల్ (నీళ్ళలో ఊపిరి తీసుకునే గొట్టం) అద్దెకు తీసుకుని దిగితే చాలు, చేపలు, పగడాలు, అదృష్టం బాగుంటే తాబేళ్ళు కనబడతాయి. ఇద్దరూ ఒక పొద్దంతా గడిపేయొచ్చు, ఖర్చు దాదాపు లేనట్టే.

ఇక డబ్బు సంగతి, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఫ్రెంచ్ దీవుల్లో వస్తువులు చౌక కాదు. ఫ్రాన్స్ గణాంక సంస్థ ఇన్సే 2022 లెక్కల ప్రకారం గ్వాదలూప్‌లో ధరలు ఫ్రాన్స్ ప్రధాన భూభాగం కన్నా మొత్తమ్మీద 16 శాతం ఎక్కువ, తిండి సరుకులైతే 42 శాతం ఎక్కువ. చాలా సరుకులు ఓడల్లో రావాలి, పైగా ‘ఒక్త్రువా ద మేర్’ అనే పాత రేవు పన్ను కూడా పడుతుంది. సూపర్‌మార్కెట్లో యూరప్ చీజ్, యోగర్ట్, యాపిల్స్ కొంటూ కూర్చుంటే బడ్జెట్ అక్కడే ఆవిరైపోతుంది. సంతలో దొరికే అరటి, పైనాపిల్, కందగడ్డలు, రేవులో పొద్దున్నే అమ్మే చేపలు కొనుక్కోండి. వీటికోసం వంటగది ఉన్న ఇల్లు కావాలి. ‘జీత్’ అని పిలిచే అద్దె ఇళ్ళు దీవంతా ఉన్నాయి, తరచుగా యజమాని పక్క ఇంట్లోనే ఉంటారు, వారం లెక్కన ఇస్తారు. హోటల్ మానేసి జీత్ తీసుకోవడం ఒక్కటే మీ ఖర్చులో పెద్ద తేడా తెస్తుంది. పైగా ఏ బేకరీలో రొట్టె బాగుంటుందో, ఏ వంపు దగ్గర కారు ఆపితే నది గుంటలో స్నానం చేయొచ్చో చెప్పేది ఆ యజమానే. మధ్యాహ్నం రోడ్డు పక్కన బోకిట్ తినండి, నూనెలో వేయించిన రొట్టెలో చేపో కోడిమాంసమో కూరి ఇస్తారు, ఒకటి తింటే కడుపు నిండిపోతుంది. రెస్టారెంట్ భోజనం రెండు మూడు సాయంత్రాలకు దాచుకోండి.

కారు అద్దె మాత్రం తప్పించుకోలేరు. సాయంత్రాలూ ఆదివారాలూ బస్సులు బాగా తగ్గిపోతాయి. టికెట్లు కొన్న రోజే కారు కూడా బుక్ చేసేయండి.

పది రోజుల్లో చివరి రెండు రాత్రులు లె సాంత్ లంకల్లోని టెర్-ద-ఓలో ఉండండి. త్రువా-రివియేర్ రేవు నుంచి పడవలో ఇరవై నిమిషాలు పట్టదు. ఎర్ర కప్పుల ఇళ్ళు, చిన్న చర్చి, కొండ మీద నెపోలియన్ పేరున్న కోట, కొబ్బరి నింపిన తియ్యటి టార్ట్‌లు అమ్మే ఆడవాళ్ళు. పగలు జనం కిటకిటలాడతారు. సాయంత్రం చివరి పడవ వెళ్ళిపోయాక ఊరు ఊరివాళ్ళకు మిగులుతుంది, మీరు అక్కడ ఉండాల్సింది అప్పుడు. అందుకే పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసే టూరు నేను సిఫారసు చేయను.

కరీబియన్‌లోని ఇంకో ఫ్రెంచ్ దీవి మార్టినిక్ గురించి కూడా అడుగుతారేమో. ఖర్చు అంతే, ఊళ్ళు ఇంకొంచెం తీరుగా ఉంటాయి. 1902 మే 8న మాంట్ పెలే అగ్నిపర్వతం పేలి సెయింట్-పియేర్ పట్నాన్ని నిమిషాల్లో బూడిద చేసింది, ఆ శిథిలాల మధ్య ఇప్పుడూ జనం కాపురం ఉంటున్నారు. చరిత్ర అంటే ఇద్దరికీ ఇష్టమైతే అక్కడికే వెళ్ళండి.

ప్రశ్న: మా ఆవిడకు బీచ్ కావాలి, నాకు కొండలెక్కాలి. హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచ్ దీవి రీయూనియన్ ఇద్దరికీ సరిపోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: మీకు నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. మీ ఆవిడ విషయంలో మాత్రం ముందే నిజం చెప్పేయండి. షార్క్ దాడుల వల్ల 2013 నుంచి అక్కడ ఎక్కడ పడితే అక్కడ సముద్రంలో దిగనివ్వరు. పగడపు దిబ్బ లోపలి ప్రశాంతమైన నీళ్ళలో, అంటే లగూన్‌లో, గార్డులు ఉండే చోట్ల మాత్రమే ఈత కొట్టాలి. పడమటి తీరాన ఎర్మిటాజ్, లా సలీన్ దగ్గర లగూన్ నిజంగా బాగుంటుంది, కానీ దీవి చుట్టూ బీచ్‌లే అనుకుని వస్తే నిరాశపడతారు.

కొండల సంగతికొస్తే ఇంకో దీవి దీనికి సాటి రాదని నా నమ్మకం. పిటాన్ దె నేజ్ శిఖరం మూడు వేల మీటర్లు దాటుతుంది. పిటాన్ ద లా ఫోర్నేజ్ ప్రపంచంలో బాగా చురుగ్గా ఉన్న అగ్నిపర్వతాల్లో ఒకటి. సిలావోస్ లోయకు వెళ్ళే రోడ్డుకు నాలుగు వందల వంపులని పేరు, కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర వేసుకోండి. మఫాత్ లోయకైతే రోడ్డే లేదు. నడిచి వెళ్ళాలి, లేదా హెలికాప్టర్. అక్కడ గ్రామాల్లోని జీత్‌లలో పడక, రాత్రి భోజనం కలిపి ఇస్తారు, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని అన్నం, కారీ అనే కూర, పప్పు, రుగాయ్ అనే కారపు పచ్చడి తింటారు. దంపతులకు ఇంతకన్నా తక్కువ ఖర్చులో ఇంత మంచి రాత్రి దొరకడం కష్టం. మూడు రోజులు కొండల్లో, నాలుగు రోజులు లగూన్ పక్కన అని ముందే పంచుకోండి, అక్కడికెళ్ళాక వాదించుకోకుండా.

ప్రశ్న: యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఉంటే ఈ దీవులకు వెళ్ళొచ్చా? ఏ నెల మంచిది?

జవాబు: మామూలుగా అది ఒక్కటే ఉంటే వెళ్ళలేరు, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. గ్వాదలూప్, మార్టినిక్, రీయూనియన్ ఫ్రాన్స్‌లో భాగమే అయినా షెంజెన్ ప్రాంతంలో లేవు. వీసా అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు దరఖాస్తులోనే ఆ దీవి పేరు రాసి, దానికి చెల్లే వీసా తీసుకోవాలి. పారిస్‌లో ఆగి వెళ్ళేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోండి. ఎయిర్ కరైబ్, కోర్సేర్ విమానాలు పారిస్‌లోని ఓర్లీ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరతాయి, మీరు దిగేది అక్కడి ఇంకో ఎయిర్‌పోర్టు షార్ల్ ద గోల్ కావచ్చు. ఎయిర్‌పోర్టు మారాలంటే ఫ్రాన్స్‌లోకి అడుగు పెట్టాల్సిందే, కాబట్టి షెంజెన్ వీసా కూడా కావాలి, తిరుగు ప్రయాణం అదే దారిలో అయితే అది ఒకటికి మించి ప్రవేశాలకు చెల్లాలి. టికెట్ కొనే ముందే ఈ లెక్క చూసుకుంటే టెన్షన్ ఉండదు.

నెల విషయం. కరీబియన్‌లో డిసెంబర్ నుంచి మే దాకా పొడి కాలం, అందులో క్రిస్మస్ నుంచి ఫ్రెంచ్ బడుల శీతాకాల సెలవులు అయ్యేదాకా ధరలు మండిపోతాయి. హరికేన్ల కాలం జూన్ నుంచి నవంబర్, గట్టివి ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్లలో వస్తాయి. ఈ రెంటికీ మధ్య మే నెల, జూన్ మొదటి వారాలు నాకు ఇష్టం. అప్పుడు ఒకటే ఇబ్బంది, సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కొట్టుకొచ్చి ఒడ్డున కుళ్ళి వాసన కొడుతుంది. అది ఎక్కువగా అట్లాంటిక్ వైపు తీరాలకే వస్తుంది, మొదటి జవాబులో పడమటి తీరం అన్నది అందుకే కూడా. రీయూనియన్‌కైతే మే నుంచి అక్టోబర్ దాకా బాగుంటుంది, జూన్ తర్వాత తిమింగలాలు కూడా వస్తాయి.

ప్రశ్న: కొన్నాళ్ళుగా ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. అక్కడ మాట్లాడటానికి పనికొస్తుందా? మా వారికి ఇంగ్లిష్ తప్ప రాదు.

జవాబు: గ్వాదలూప్‌లో మీ ఫ్రెంచ్ రోజంతా పనికొస్తుంది, ఎందుకంటే ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు తక్కువ. వాళ్ళలో వాళ్ళు ఫ్రెంచ్ నుంచి పుట్టిన స్థానిక భాష క్రియోల్ మాట్లాడుకుంటారు, మీతో ఫ్రెంచ్‌లోకి మారతారు. కొట్లోకి అడుగుపెట్టగానే ముందు బోంజూర్ అనండి, ధర అడగడం ఆ తర్వాత. అది అనకుండా మొదలెడితే మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క. మీ వారు ఇబ్బంది పడతారనుకుంటే మారిషస్ చూడండి. 1715 నుంచి 1810 దాకా ఫ్రెంచ్‌వాళ్ళ చేతిలో, తర్వాత 1968 దాకా బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఉంది, పేపర్లు ఎక్కువగా ఫ్రెంచ్‌లో వస్తాయి, ఆఫీసుల్లో ఇంగ్లిష్ నడుస్తుంది, బస్సులు కూడా దీవంతా తిరుగుతాయి కాబట్టి కారు లేకపోయినా గడిచిపోతుంది. సీషెల్స్‌లోనూ రెండు భాషలూ చెల్లుతాయి, అక్కడ లా దీగ్ దీవిలో సైకిళ్ళు అద్దెకు తీసుకుని గెస్ట్‌హౌస్‌లో ఉంటే ఖర్చు అదుపులో ఉంటుంది.