ఇంజిన్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నీకి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి పది గంటలకి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళకి ఫోన్ మోగితే నా వయసు వాళ్లకి ముందు గుండె జారుతుంది. తీరా విషయం నీ కారు. "అన్నయ్యా, పాత ఇంజిన్ తీసేసి జపాన్‌ది ఏదో పెడుతుందట, నువ్వైనా చెప్పు" అంది. ఏం చెప్పమంటావే అంటే దానికీ తెలియదు. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. తర్వాత నిద్ర పట్టలేదు, పొద్దున్నే కాగితం తీసుకుని కూర్చున్నాను.

నీ ఈడు వాళ్లంతా ఫ్లాటుకి అడ్వాన్సు కడుతుంటే నువ్వు మారేడ్‌పల్లిలో మామిడిచెట్టు కింద తుప్పు పడుతున్న 1957 ఎంజీఏ, ఆ ఇంగ్లండ్ స్పోర్ట్స్ కారు, కొన్నావు. మీ అమ్మ తల పట్టుకుంది. నేను మాత్రం ఆ సాయంత్రం చాయ్ దుకాణం దగ్గర అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాను, మా మేనకోడలు ఎంజీ కొన్నదని. రాణీగంజ్‌లో నలభై ఏళ్లు ఇంజిన్లకి బోరు కొట్టే మిషన్ ముందు నిలబడ్డాను. మా ఇంట్లో ఇన్నాళ్లకి ఒకరికి ఇనుము మీద మనసు పడింది. ఈ సంతోషం ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఇక ముందు తిట్లే ఎక్కువ.

ఇంజిన్ జామ్ అయింది కాబట్టి పోయిందని నీకు ఎవరు చెప్పారు? పదిహేనేళ్లు తిప్పకుండా వదిలేస్తే నా మోకాళ్లు కూడా జామ్ అవుతాయి. ప్లగ్గులు ఊడదీసి, ఆ నాలుగు రంధ్రాల్లో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి పది రోజులు వదిలెయ్. హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పొద్దు. నీ మెకానిక్ పహిల్వాన్‌లా ఉంటాడని మీ అమ్మ చెప్పింది, అతన్ని అసలే తిప్పనివ్వొద్దు. కదలకపోతే హెడ్, అంటే ఇంజిన్ పై మూత, విప్పి చూద్దాం. బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, గీరుకుపోతే దాన్ని పెద్దది చేసి వేయడానికి పెద్ద సైజు పిస్టన్లు ఉన్నాయి, అంతకీ లొంగకపోతే లోపల కొత్త గొట్టం, స్లీవ్, వేయొచ్చు. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు కొట్టించు, ముందు కాదు. బ్లాకు, అంటే ఇంజిన్ అసలు దిమ్మ, పగిలి ఉంటేనే ఇంకో ఇంజిన్ మాట.

ఆ మాటే వస్తే, నువ్వు అనుకుంటున్న జపాన్ ఇంజిన్ చెడ్డదని నేను అనను. పొద్దున సెల్ఫ్ కొడితే లేస్తుంది, ఆయిల్ కారదు, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ అది కూర్చోవాలంటే ఇంజిన్‌ని పట్టే మౌంట్లు కోయాలి, గేర్‌బాక్స్ మీద ఉండే టన్నెల్ కోయాలి, గేర్‌బాక్స్ మార్చాలి. అంత పవర్ ఆపడానికి నీ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ముందు చక్రాలకి డిస్కులు 1959లో 1600 మోడల్‌తో వచ్చాయి, నీది అంతకు ముందుది. పైగా 2021లో కేంద్రం పెట్టిన వింటేజ్ రూల్ చదివావా? మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటేనే ఇస్తారు. ఒకసారి రంపం పెట్టాక ఆ మాట ఇక ఎత్తలేవు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లే బండి కావాలంటే ఒక మారుతి కొనుక్కో బిడ్డా, ఇంకా డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ బండి ఇంజిన్ 1489 సీసీ, బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్. మన రోడ్ల మీద ముప్పై ఏళ్లు తిరిగిన పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్నదీ అదే కుటుంబం, అదే 1489. ఇంగ్లండ్‌లో అబింగ్డన్‌లో పుట్టిన స్పోర్ట్స్ కారుకీ మన నాంపల్లి టాక్సీకీ ఇంటిపేరు ఒకటే. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9, నాకు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అంబాసిడర్‌కి ఒకటే కార్బురేటర్, నీ దానికి జంట ఎస్‌యూ కార్బురేటర్లు, అందుకే నీది సుమారు 70 హార్స్‌పవర్ ఇస్తుంది. కాబట్టి బ్లాకు అంబాసిడర్‌ది తెచ్చుకో. హెడ్, మానిఫోల్డ్, కార్బురేటర్లు, కింద ఆయిల్ నిలిచే సంప్, ముందు వెనక ప్లేట్లు నీ బండివే ఎక్కించు. ఒక్కటి చూసుకోవాలి. నీ బండిలో ఆర్‌పీఎమ్ మీటరు క్యామ్ షాఫ్టు నుంచి కేబుల్ మీద నడుస్తుంది, ఆ గేరు కూర్చునే చోటు తెచ్చే బ్లాకులో ఉందో లేదో అడిగి కాదు, చూసి తెలుసుకో.

డీజిల్ అంబాసిడర్ కూడా 1489 సీసీయే. "అదే సీసీ మేడమ్, బాగా గట్టి బ్లాకు" అని నీకు అంటగట్టేవాళ్లు ఉంటారు. ట్రాక్టర్‌లా దడదడలాడే ఎంజీ నాకు చూపించకు. తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన ఇసుజు 1800 మంచి ఇంజినే, కానీ అది వేరే ఇంటిది, మళ్లీ కోతలు మొదలు. నీ బండి తర్వాత వచ్చిన ఎంజీబీ కారు 1798 సీసీ ఇంజిన్ తెప్పిస్తానంటే 1964కి ముందుది, మూడు మెయిన్ బేరింగులది చూడు. తర్వాత వచ్చిన ఐదు బేరింగులది వెనక ప్లేటు దగ్గర, గేర్‌బాక్స్ దగ్గర పని పెడుతుంది.

కొనడానికి వెళ్లినప్పుడు మాట్లాడటం మొదలుపెట్టక ముందే బ్లాకు మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందా, నువ్వు వస్తున్నావని ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్న మాట. చల్లటి ఇంజిన్ నీ ముందు లేవాలి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వేళ్ల మధ్య రుద్దు. తేనెలా సాగితే చప్పుడు తెలియకుండా గేర్ ఆయిల్ కలిపాడు. గేర్‌బాక్స్‌తో ఉంటే ఒకరిని క్లచ్ తొక్కమని, నువ్వు ముందు పుల్లీ చూస్తూ ఉండు, అది కంటికి కనబడేలా ముందుకి కదిలితే లోపల క్రాంక్‌ని ముందు వెనక్కి జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ తీయించు, అంకె ఎంతన్నది కాదు, నాలుగూ దగ్గరదగ్గరగా ఉండాలి. హెడ్‌లో వాల్వు సీట్ల మధ్య పగుళ్లు చూడు. ఇవన్నీ చేశాక కూడా...

ఇక్కడ ఆగి ఒక కథ చెప్పాలి. ఇది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

1986. నాకు ఇరవై ఏడేళ్లు, సొంత షెడ్డు పెట్టి ఏడాది. ఒక డాక్టరు గారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వచ్చింది. నీళ్లు అయిపోయి సలసలా కాగుతున్న ఇంజిన్‌లో డ్రైవరు చన్నీళ్లు పోశాడు, బ్లాకు నిలువునా పగిలింది. దసరాకి బండి ఇస్తానని మాట ఇచ్చాను. మోరిస్‌కీ అంబాసిడర్‌కీ ఇంజిన్ ఒకటే కదా, మూసీ పక్కన ఒక తుక్కు దుకాణంలో మంచిది ఉందంటే వెళ్లాను. స్టార్ట్ చేస్తే కుట్టుమిషన్‌లా ఉంది. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఎప్పుడూ ఒకటే అనేవాడు, "పహ్‌లే నంబర్ దేఖ్, ఫిర్ ఇంజన్ దేఖ్", ముందు నంబరు చూడు, తర్వాతే ఇంజిన్ అని. నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ పెట్టిన మెరుపు కనబడింది. చూశాను. చూడనట్టు ఊరుకున్నాను. "సర్కారు వేలం బండిది, కాగితాలు తర్వాత ఇస్తా" అన్నాడు. 6,000 రూపాయలు డాక్టరు గారివే ఇచ్చి, ఆటో ట్రాలీలో వేసుకొచ్చాను. రశీదు అడగలేదు. అడిగితే అతను అమ్మడేమోనని భయం, దసరా దాటిపోతుందేమోనని భయం.

ఇంజిన్ కడుగుతుంటే వాటర్ పంప్ బోల్టు పట్టే చెవి ఒకటి విరిగి ఉంది. ఎవరో దానికి ఇత్తడి పోసి అతికించి, ఆకురాయితో ఎంత నున్నగా చేశారంటే, వేలితో తడిమితే తప్ప తెలియదు. ఎవడో మంచి పనివాడే అనుకున్నాను. అనుకుని, దాని మీద ఆకుపచ్చ రంగు కొట్టాను. దసరాకి రెండు రోజుల ముందే బండి ఇచ్చాను.

సంక్రాంతి దాటాక పోలీసులు వచ్చారు. వాళ్ల వెనక ఒక టాక్సీ మనిషి. నడివయసు, చొక్కా కాలర్ చిరిగి ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ ముందు అతని అంబాసిడర్ పోయి ఆరు నెలలైంది. ఆ తుక్కువాడు ఇంకేదో కేసులో దొరికి నా పేరు కూడా చెప్పాడు. డాక్టరు గారి బండిని స్టేషన్‌కి తెప్పించి బానెట్ ఎత్తారు. నంబరు లేదు కదా, నీదని ఏమిటి రుజువు అని అడిగారు. అతను ఏమీ అనకుండా వాటర్ పంప్ కింద వేలు పెట్టి, గోటితో గీకాడు. ఆకుపచ్చ రంగు పెచ్చుగా లేచింది, కింద ఇత్తడి మెరిసింది. "ఇది నేనే పోశాను సార్" అన్నాడు. నా వైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను. డిప్‌స్టిక్ లాగి చూసి, "ఆయిల్ మంచిదే పోసినవ్ తమ్మీ" అన్నాడు. ఆ ఆరు నెలలూ అతను వేరేవాళ్ల టాక్సీ కిరాయికి నడిపాడట.

ఆ రాత్రి నేను ఇంటికి రాలేదు. తెల్లారి మీ తాత వచ్చాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు కదా, డ్యూటీ ఖాకీలోనే వచ్చాడు, చేతిలో టిఫిన్ క్యారియర్. నీకు తెలిసిన తాత నిన్ను భుజాల మీద ఎక్కించుకుని బోనాలు చూపించిన తాత. నాకు ఆ రోజు కనబడిన మనిషి జామీను కాగితం మీద సంతకం పెడుతుంటే చెయ్యి వణికిన మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో తీసుకోనివాడు. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు, దారి పొడుగునా ఒక్క మాట లేదు. ఇంటికొచ్చాక కూడా పదిహేను రోజులు లేదు. పదహారో రోజు నేను షెడ్డుకి బయల్దేరుతుంటే ఒక రశీదు పుస్తకం, దాని మధ్యలో కొత్త కార్బన్ పేపరు పెట్టి నా చేతికిచ్చాడు. డాక్టరు గారికి నెలకి 250 చొప్పున రెండేళ్లు కట్టాను. ఆయన వద్దన్నాడు, మీ తాత ఒప్పుకోలేదు.

నా మీద కేసు నిలబడలేదు. కానీ ఇప్పటికీ పోలీసు జీపు షెడ్డు ముందు నెమ్మదిస్తే నా చేతిలో పానా జారుతుంది. నువ్వు ఆడపిల్లవని కాదు, కొత్తదానివని నాకు భయం. కళ్లముందు మంచి ఇంజిన్ కనబడితే మనిషికి ఇంకేదీ కనబడదు, నాకు తెలుసు. బ్రేకుల గురించి, పెట్రోలు గురించి నీకు ఎవరైనా చెప్తారు. దీని గురించి నేనే చెప్పాలి.

కాబట్టి విను. ముందు నీ ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, బండి మీద ఉన్న నంబరు ఒకటేనా చూడు. ఇద్దరు ముగ్గురు చేతులు మారిన బండి, తేడా ఉంటే ఇప్పుడే తేలాలి. కొనే ఇంజిన్‌కి దాని బండి ఆర్‌సీ జిరాక్సు, అమ్మేవాడి గుర్తింపు కార్డు, నంబరు రాసిన రశీదు, తుక్కు కింద కొట్టేసిన బండి అయితే ఆ కాగితం, ఇవన్నీ చేతికి వచ్చాకే డబ్బు. డబ్బు కూడా బ్యాంకు ద్వారానే. ఇంజిన్ మారిస్తే ఆర్‌టీఏలో చెప్పి ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి, బిగించక ముందే ఖైరతాబాద్ వెళ్లి ఏమేం కావాలో అడుగు. నీ పాత బ్లాకుని మాత్రం ఎవడికీ తూకానికి వేయకు. ఆయిల్ పూసి, గోనెపట్టా చుట్టి, మంచం కిందైనా పెట్టుకో. ఆ బండి పుట్టినప్పుడు దానితో వచ్చిన నంబరు అది.

మిగతావి చిన్నవి. నీ బండి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ తీగ బాడీకి తగులుతుంది, తీగలు మామూలు అలవాటు మీద తగిలిస్తే పొగ వస్తుంది. వాల్వు సీట్లు అరగకుండా కాపాడిన సీసం పెట్రోలు 2000లోనే పోయింది కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు వేయించు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఎక్కువ, రబ్బరు పైపులన్నీ మార్చు. రేడియేటర్ కోర్ కొత్తది వేయించు, మే నెలలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నాకు దండం పెట్టుకుంటావు.

మీ అమ్మని తిట్టకు. నిన్న ఫోన్ పెట్టేసే ముందు, ఇంకేదో గుర్తొచ్చినట్టు, "దాన్ని రశీదు తీసుకోమని చెప్పు అన్నయ్యా" అంది. అప్పుడు దానికి పద్నాలుగేళ్లు. దానికి ఏమీ తెలియదనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ టిఫిన్ క్యారియర్ కట్టింది అదేనట.

ఆదివారం ఎనిమిదింటికి వస్తాను. బోర్ గేజ్, ఫీలర్ గేజ్ నేను తెస్తాను. నువ్వు ఆర్‌సీ తీసి పెట్టు, ఒక మంచి టార్చి లైటు, వైర్ బ్రష్, కొంచెం కిరోసిన్ చూడు. ఇంజిన్ నంబరు ప్లేటు మీద మట్టి ఉంటే నేను వచ్చేదాకా గీకకు. మీ అమ్మని చింతచిగురు పప్పు చేయమను, ఎండుమిర్చి తక్కువ వేయమను, డాక్టరు కారం వద్దన్నాడు.

ఉంటాను,
మామయ్య