టెయిల్ లైట్లూ మీటర్ లైట్లూ కలిసి ఆరిపోతే

ప్రశ్న: మాది చేపల లోడు వేసే పికప్. రాత్రి పూట వెనక లైట్లు, మీటర్ లైట్లు ఒకేసారి పోతున్నాయి. హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి. ఫ్యూజ్ మారిస్తే రెండు రోజులు ఆగి మళ్లీ పోతోంది. 10 ఆంపియర్లది నిలవడం లేదని మెకానిక్ 20 వేశాడు. బండికి జీపీఎస్ పెట్టించిన తర్వాతే ఇది మొదలైంది. ఏం చేయాలి? - ఆకివీడు నుంచి ఒక పాఠకుడు

ముందు ఆ 20 ఆంపియర్ల ఫ్యూజ్ తీసేయండి. ఈ కాలమ్ చదవడం ఆపి అయినా సరే, ఆ పని చేసి రండి. ఫ్యూజ్ ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. పార్కింగ్ లైట్ల తీగ సన్నగా ఉంటుంది. పెద్ద ఫ్యూజ్ వేస్తే ఫ్యూజ్ నిలుస్తుంది, దాని బదులు డ్యాష్‌బోర్డు వెనక కట్టలో తీగ కాలుతుంది. ఫ్యూజ్ పోయిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టామని, రాగి పోగు పెట్టామని నాకు ఎంతమంది రాశారో లెక్కలేదు. దయచేసి ఆ పని చేయకండి.

చాలా పికప్‌లలో వెనక లైట్లు, నంబర్ ప్లేట్ బల్బు, మీటర్ వెనక వెలుతురు అన్నీ పార్కింగ్ లైట్ల ఫ్యూజ్ మీదే నడుస్తాయి. బ్రేక్ లైట్ల దారి వేరు. అందుకే మీకు అవి వెలుగుతున్నాయి. మామూలు బల్బుల లెక్కలో ముందు పార్కింగ్ బల్బులు రెండు, వెనకవి రెండు, నంబర్ ప్లేట్‌ది ఒకటి, ఒక్కోటి 5 వాట్లు. మీటర్‌తో కలిపినా 30 వాట్ల చుట్టూ ఉంటుంది. 12 వోల్టుల బండిలో అది రెండున్నర ఆంపియర్లు. 10 ఆంపియర్ల ఫ్యూజ్ దీనికి ఎక్కువే. అయినా పోతోందంటే ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది. బల్బులు మార్చి డబ్బు వృథా చేసుకోవద్దు.

ఎక్కడ తగులుతోందో ఇలా పట్టుకోండి. పార్కింగ్ బల్బులన్నీ తీసేసి, ఫ్యూజ్ ఉండే చోట దాని బదులు 21 వాట్ల బల్బును రెండు తీగలతో కలపండి. పార్కింగ్ స్విచ్ వేసి తీగల కట్టను ఒక్కోచోట కదిలిస్తూ వెళ్లండి. ఎక్కడ కదిపినప్పుడు ఆ బల్బు భగ్గుమని వెలిగితే తప్పు అక్కడే. ఫ్యూజ్‌లు కాల్చుకుంటూ వెతకాల్సిన అవసరం లేదు. మీ బండిలో చూడాల్సిన చోట్లు మూడు. ఒకటి డాలా (లోడు వేసే వెనక భాగం) కింద, టెయిల్ ల్యాంపు దగ్గర. చేపల ట్రేల నుంచి ఐసు నీళ్లు కారి హోల్డర్లు తుప్పు పడతాయి, టేపు ఊడిపోతుంది. తర్వాత తీగ ఛాసిస్ అంచుకు ఒరుసుకునే చోట్లు చూడండి. ఆ తర్వాత జీపీఎస్ పెట్టినవాళ్లు, మ్యూజిక్ సిస్టమ్ పెట్టినవాళ్లు వేసిన జాయింట్లు. పాత తీగ తోలు గీకి, కొత్త తీగ మెలేసి, టేపు చుట్టి వదిలేస్తారు. ఎండకు జిగురు కారిపోయి టేపు జారుతుంది. జీపీఎస్ తర్వాతే మొదలైందని మీరే రాశారు కాబట్టి నా అనుమానం దీని మీదే ఎక్కువ.

బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసకగా వెలిగిందని రాసేవాళ్లకు ఒక మాట: అది వేరే జబ్బు, ఎర్త్ తీగ (బల్బు నుంచి బండి బాడీకి బోల్టుతో బిగించేది) తుప్పు పట్టింది. బోల్టు విప్పి, గీకి, బిగించండి.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది లైటు కాదు, ఆ జీపీఎస్ డబ్బా. దొంగతనం జరిగితే బండి ఆపేయొచ్చని చెప్పి, చాలామంది ఫిట్టర్లు డీజిల్ కట్ చేసే రిలే (ఆజ్ఞ అందగానే దానంతట అదే పడే స్విచ్) కూడా కలుపుతారు. చాలా డబ్బాల్లో ఆ ఆజ్ఞ ఎస్సెమ్మెస్ ద్వారానో యాప్ ద్వారానో వెళ్తుంది. దానికి పాస్‌వర్డ్ 123456. కంపెనీ ఇచ్చిందే ఉంటుంది, ఎవరూ మార్చరు. ఇది నా ఊహ కాదు. 2022 జులైలో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ, ఒక రకం జీపీఎస్ ట్రాకర్ గురించి హెచ్చరిక ఇచ్చింది. దాన్ని తయారు చేసే కంపెనీ డబ్బాలు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 15 లక్షలు వాడకంలో ఉన్నాయని అప్పటి అంచనా. ఆ ట్రాకర్‌ను దూరం నుంచి వశం చేసుకుని ఇంధనం ఆపేసే వీలుందన్నది ఆ హెచ్చరిక. పామర్రు - దిగమర్రు రోడ్డు మీద, రెండు పక్కలా చెరువులున్న చోట, లోడుతో వెళ్తున్న బండి నడిరాత్రి ఆగిపోయి, వెనక లైట్లు కూడా లేకపోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

అందుకని పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి. అడ్మిన్ నంబరుగా, అంటే డబ్బాకు ఆజ్ఞలు ఇచ్చే ఫోన్ నంబరుగా, ఎవరిది ఉందో చూడండి. ఫిట్టర్ నంబరు ఉంటే తీయించండి. ఆ మనిషి మంచివాడు కావచ్చు, కానీ అతని ఫోన్ పోతే మీ బండి తాళం పోయినట్టే. రిలే నిజంగా కావాలా అని ఆలోచించండి. నాకైతే వద్దు. బండి ఎక్కడుందో తెలిస్తే పోలీసులకు చెప్పొచ్చు, నడుస్తున్న బండిని ఎక్కడో కూర్చుని ఆపే అధికారం ఎవరికీ ఇవ్వకూడదు. ఇలాంటి డబ్బాను తయారు చేసేవాళ్లు తొలిసారి ఆన్ చేయగానే కొత్త పాస్‌వర్డ్ అడిగేలా పెట్టొచ్చు. ఏమంత కష్టమైన పని కాదు, ఖర్చు కూడా లేదు. అయినా పెట్టరు.

బండ్ల తయారీదార్ల మీదా నాకు కోపమే. ఫ్యూజ్ పెట్టె మూత మీద చీమ తలకాయంత బొమ్మలు వేసి వదిలేస్తారు, వైరింగ్ బొమ్మ మాత్రం బయట మెకానిక్‌కు ఇవ్వరు. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో తెలియక అతను దొరికిన తీగను గీకుతాడు.

జీపీఎస్‌కు బ్యాటరీ నుంచి నేరుగా, దాని సొంత చిన్న ఫ్యూజ్‌తో తీగ వేయించండి. పార్కింగ్ తీగకు ఉన్న జాయింటు విప్పి, టేపుతో సరిపెట్టకుండా సోల్డర్ వేసి (సీసంతో అతికించి) పైన స్లీవ్ (కరెంటు తగలకుండా కాపాడే గొట్టం) తొడిగించండి. ఇదంతా అయ్యేదాకా రాత్రి లోడు ఒప్పుకోవద్దు.