నచ్చిన సినిమాకి సంజాయిషీ ఎందుకండీ

‘నువ్వే కావాలి’ ఎన్నిసార్లు చూసినా తనివి తీరట్లేదు, ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు, లోపాలు నాకూ తెలుస్తున్నాయి, నా టేస్టే పాడైందా అని అడిగారు కదండీ. ఏం పాడవలేదు.

2000లో వచ్చిన ఆ సినిమా మలయాళం ‘నిరం’కి రీమేక్, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన ఇద్దరు. ప్రేమ సంగతి బయటపెడితే స్నేహం కూడా పోతుందని భయం. ఒక్క మాట ముందే చెప్పేస్తే సగం సినిమా ఉండదు, నిజమే. కానీ గొంతు దాకా వచ్చిన మాట ఆగిపోవడం ఆ వయసులో ఎంతమందికి జరగలేదు? హీరో తరుణ్ మొహంలో ఆ తటపటాయింపు చూస్తే నాకిప్పటికీ గుండె పట్టేసినట్టుంటుంది.

నాకు నచ్చని కామెడీ వస్తే ముందుకి జరిపేస్తాను. వద్దన్న అమ్మాయి వెంటపడడమే ప్రేమ అని చూపించే సినిమాలు మాత్రం వేరు. అవి నేను ఆపేస్తాను, పిల్లలు పక్కనుంటే ఎందుకు ఆపానో కూడా చెప్తాను.

మొన్న ఆదివారం ఈ సినిమాలోని ‘అనగనగా ఆకాశం ఉంది’ పాట మొదలవగానే మా చెల్లి పల్లీలు వలవడం ఆపేసి పాడటం మొదలుపెట్టింది. మీ ఇంట్లోవాళ్లనీ ఆ పాట దగ్గర ఓసారి కూర్చోబెట్టండి.