పాత సైకిలుకు రంగులు వేయించడానికి డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: మా తాతగారి పాత స్టీలు సైకిలు నా దగ్గరుంది. దాన్ని విప్పి, రంగు వేయించి, కొత్తదానిలా చేయించాలని కోరిక. ఇలాంటివే ఇంకో నాలుగు కొని బాగుచేసి అమ్మితే మంచి లాభాలొస్తాయని స్నేహితులు అంటున్నారు. అత్యవసరాలకు దాచుకున్న డిపాజిట్ తీయనా? పర్సనల్ లోన్ తీసుకోనా?

జవాబు: రెండూ వద్దండి. తాతగారి సైకిలు మీద పెట్టేది ఇష్టం కోసం చేసే ఖర్చు. తిరిగి వస్తుందన్న ఆశ లేకుండా, నెలనెలా కొంత పక్కన పెట్టుకుని చేయించండి. ఆర్నెల్లు ఆగితే ఆ సైకిలుకు వచ్చే నష్టమేమీ లేదు. ఆర్నెల్ల ఇంటి ఖర్చుకు దాచిన డిపాజిట్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

చాలామంది ముందుగా డబ్బు పోసేది రంగు మీదే. నన్నడిగితే అది ఆఖర్న రావాలి. ముందు సీటు గొట్టం కదులుతుందో లేదో చూడండి. ఏళ్ల తరబడి తుప్పుతో ఫ్రేములో బిగుసుకుపోయిన గొట్టాన్ని తీయడమే ఒక్కోసారి పెద్ద పని. గొట్టాలు కలిసే చోట పగుళ్లున్నాయా, పెడళ్ల ఇరుసు దగ్గర మరలు అరిగాయా చూడాలి. కొన్ని పాత కంపెనీల మరల కొలతలు ఇప్పటివాటికి కలవవు. అలాంటప్పుడు చిన్న భాగం కోసం కూడా నెలలు వెతకాలి. పాత రంగు గీకాక లోపలి తుప్పు గుంటలు బయటపడతాయి కాబట్టి, ఎస్టిమేట్ మీద కనీసం పాతిక శాతం అదనంగా పెట్టుకోండి. మెకానిక్‌కు మొత్తం ముందే ఇచ్చేయకుండా పని సాగేకొద్దీ ఇవ్వండి.

అసలు రంగు వేయించాలా అన్నది కూడా డబ్బు ప్రశ్నే. పాత సైకిళ్లు సేకరించేవాళ్లలో చాలామంది గీతలు పడ్డా సరే, ఫ్యాక్టరీ రంగు, పాత స్టిక్కర్లు ఉన్నదానికే ఎక్కువ ఇస్తారు. ఒకసారి గీకేస్తే అది మళ్లీ రాదు. పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి, వేడిచేసి అంటించే పద్ధతి) గట్టిగానే ఉంటుంది, కానీ ఆ పొర మందం వల్ల అతుకుల అంచులూ, ఫ్రేము మీద కొట్టిన నంబరూ మసకబారతాయి. ఆ నంబరే సైకిలు వయసుకు ఆధారం. వెనక హబ్బు (చక్రం మధ్య భాగం) మీద స్టర్మీ ఆర్చర్ అనే పాత ఇంగ్లండు హబ్బుల కంపెనీ పేరు ఉంటే, పక్కన తయారైన సంవత్సరం, నెల అంకెలు ఉండే అవకాశం ఎక్కువ. అవి బయటపడేలా తుడిచి ఫొటో తీసుకోండి. ఇంట్లోనే గీకుతానంటే జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా తడిపి, మంచి మాస్కు పెట్టుకుని, పిల్లలకు దూరంగా చేయండి.

ఇక నాలుగు సైకిళ్ల సంగతి. కొన్న ధర 100 అనుకుందాం. టైర్లు, చైను, బేరింగులకు 50, రంగుకూ క్రోమ్ ప్లేటింగుకూ 70 అయితే పెట్టుబడి 220. అది 250కి అమ్ముడైతే 30 మిగిలినట్టే ఉంటుంది. రవాణా, మీ ఆదివారాల కూలి అందులోంచి తీసేస్తే ఏముంటుందో మీరే చూడండి. అన్నిటికంటే ప్రమాదం, సరుకు ఎప్పుడు కదులుతుందో తెలియకపోవడం. సైకిలు ఇంకా పెయింటర్ దగ్గరే ఉండగా లోన్ కిస్తీ మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో వచ్చిన రేటుకే అమ్మేస్తారు.

అంత మోజుంటే ఒక్కటి కొనండి, అదీ మిగులు డబ్బుతోనే. ప్రతి నట్టుకూ, ప్రతి గంటకూ లెక్క రాయండి. అది అమ్ముడయ్యేదాకా రెండోది కొనవద్దు. తాతగారి సైకిలును ఈ లెక్కల్లో కలపకండి. అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి, దానికి మీకు నచ్చిన రంగే వేయించుకోవచ్చు.