మొదటి రోజే కథంతా చెప్పించకండి

హింస, వేధింపులు దాటి వచ్చినవాళ్లకు థెరపీ చేసేటప్పుడు ఏ విలువలు పాటించాలని అడిగారు. కరుణ, గౌరవం, గోప్యత అని ఎవరైనా చెబుతారు. నా లెక్కలో అన్నిటికంటే ముందుండేది ఒకటే: పగ్గాలు ఎదుటి మనిషి చేతిలో ఉండాలి. వేధింపుల్లో ఆ మనిషి 'వద్దు' అన్న మాట చెల్లలేదు. మన గదిలోనూ చెల్లకపోతే, ఎంత మెత్తగా మాట్లాడినా పాతదే మళ్లీ జరుగుతుంది.

అది చిన్న చిన్న పనుల్లో తెలుస్తుంది. ఏ కుర్చీలో కూర్చోవాలో వాళ్లే చూసుకోనివ్వండి. చాలామంది తలుపు కనిపించే చోటే కూర్చుంటారు. ప్రాణాపాయం, పిల్లలపై వేధింపులు లాంటి ఏ విషయాలు రహస్యంగా ఉంచలేమో వాళ్లు నోరు విప్పకముందే చెప్పాలి, చెప్పాక కాదు. 'ఆపండి' అనడానికి చెయ్యెత్తడం లాంటి గుర్తు ఒకటి పెట్టుకుని, మొదటి సెషన్‌లోనే ఏదైనా మామూలు విషయం మీద ఒకసారి చేయించి చూడండి. భయం కమ్మినప్పుడు గొంతు పెగలదు, అలవాటైన చెయ్యి లేస్తుంది.

అసలు పరీక్ష సెషన్ మధ్యలో వస్తుంది. ఒకామె తనపై హింస జరిగిన రాత్రి గురించి చెబుతోంది. ఉన్నట్టుండి గొంతులో ఎత్తుపల్లాలు పోయాయి. చూపు నేల మీద ఒకే చోట ఆగింది. అప్పటిదాకా చున్నీ అంచు నలుపుతున్న వేళ్లు కదలడం లేదు. అనుభవం లేనివాళ్లు 'ఎంత నిబ్బరంగా చెబుతోందో' అనుకుని "తర్వాత ఏమైంది?" అని అడుగుతారు. అది నిబ్బరం కాదు, మనసు అక్కడి నుంచి తప్పుకుంది. వెంటనే కథ ఆపండి. పేరు పెట్టి పిలవండి, ముట్టుకోవద్దు. కళ్లు మూసుకోమనవద్దు, మూస్తే ఆ రాత్రే ఎదురుగా నిలబడుతుంది. ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో చెప్పండి. పాదాలు నేలకు గట్టిగా ఆనించమనండి. కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు చెప్పించండి. గాఢంగా ఊపిరి తీసుకోమనడం అందరికీ పనికిరాదు, కొందరికి దానితోనే గాభరా పెరుగుతుంది. చూపు గదిలో అటూ ఇటూ తిరిగి, గొంతులో ప్రాణం వచ్చేదాకా ఆగండి. ఆ రోజుకి ఆ కథ మళ్లీ ఎత్తకండి.

యాభై నిమిషాల సెషన్ అయితే జ్ఞాపకాల పని ముప్పై ఐదో నిమిషానికి ముగించాలి. మిగతా సమయం మనిషి కుదుటపడటానికి. ఇది పాటించక, పచ్చి గాయంతో ఇంటికి పంపి, మరుసటి వారం రాకపోతే 'ఆసక్తి లేదు' అని ఫైల్లో రాసే అలవాటు చూస్తే కోపం వస్తుంది.

ముందు భద్రత, ఆ తర్వాత జ్ఞాపకాలు, దుఃఖం, ఆపైన మనుషులతో మళ్లీ కలవడం అని అమెరికా సైకియాట్రిస్టు జూడిత్ హెర్మన్ 1992లోనే వరస చెప్పారు. అలాగని మొదటి మెట్టు మీదే ఏళ్ల తరబడి కూర్చోబెట్టడం కూడా తప్పే. 'ఇంకా సిద్ధంగా లేరు' అనేది చాలాసార్లు థెరపిస్టు భయం. జ్ఞాపకాన్ని నేరుగా ఎదుర్కొనే పద్ధతులు మామూలుగా 8 నుంచి 15 సెషన్లలో జరుగుతాయి. పద్ధతి వివరించి, కావాలో వద్దో వాళ్లనే అడగండి.

ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క సెషన్‌లో అంతా చెప్పించే డీబ్రీఫింగ్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అయినా సాయం పేరుతో అదే చేస్తున్నారు. 'క్షమించేస్తే తేలికపడతారు' అనే సలహా ఇంకా ఘోరం. క్షమించాలో లేదో తేల్చుకోవాల్సింది దెబ్బ తిన్న మనిషి, మనం కాదు.

ఇంకొకటి. చెప్పాపెట్టకుండా మనుషులు మాయమవడం వీళ్లకు కొత్త కాదు. మీరు సెలవు పెడుతుంటే రెండు మూడు వారాల ముందే చెప్పండి. తిరిగొచ్చే తేదీ, ఈలోగా ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి చేతికివ్వండి.