గుడ్లు తినే పిల్లిని ఏం చేయాలంటే

పాపా,

పిల్లి గుడ్లన్నీ తినేస్తోందని, దాన్ని గోతంలో కట్టి ఎర్రగుంట్ల అవతల వదిలేసి రమ్మని అల్లుడితో చెప్పావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పని మాత్రం చేయొద్దు. మీ ఇంట్లో శనక్కాయల మూటలున్నాయి, కోళ్ల జొన్నలు, నూకలు ఉన్నాయి. పిల్లి పోయిందంటే ఎలుకలు, పందికొక్కులు దిగుతాయి, వాటి కోసం పాము వస్తుంది, అవన్నీ గుడ్లు తినేవే. గుడ్డు సులువుగా దొరికే చోటు అట్లే ఉంటే ఊళ్లో ఇంకో పిల్లి ఆ వాసన పట్టుకుని రాకుండా ఉంటుందా?

ముందు తింటున్నది పిల్లేనా కాదా తేల్చుకో. గట్టి పెంకున్న గుడ్డును పగలగొట్టడం పిల్లికి అంత సులువు కాదు, పగిలింది దొరికితే మాత్రం శుభ్రంగా నాకేస్తుంది. సాయంత్రం కోళ్లు గూట్లోకి చేరాక, అవి గుడ్లు పెట్టే గంపలో ఒక గుడ్డు వదిలి, చుట్టూ ముగ్గుపిండి పలచగా చల్లు. తెల్లారి కోళ్లను వదలకముందే పోయి చూడు. పిల్లి అడుగు గుండ్రంగా, నాలుగు వేళ్లతో ఉంటుంది, గోళ్ల గుర్తు పడదు. ముంగిస అడుగులో ఐదు వేళ్లుంటాయి, గోళ్ల గీతలు కూడా కనిపిస్తాయి. పాముదైతే ఈడ్చుకుపోయిన గీత ఉంటుంది, పెంకు ముక్క కూడా మిగలదు, గుడ్డు గుడ్డుగానే మింగేస్తుంది. రాత్రి ఏమీ జరగక పగలే పోతుంటే కాకి మీద, ముంగిస మీద, కోళ్ల మీద అనుమానం పెట్టుకో. ఏ పెట్ట ముక్కుకైనా పచ్చసొన ఎండి అంటుకుని ఉందేమో చూడు, అలా ఉంటే పాపం పిల్లిని అనవసరంగా తిట్టినట్టే.

పిల్లే అని తేలిందనుకో, దానికి ఆ రుచి ఎక్కడ తగిలిందో ఆలోచించు. చాలా ఇళ్లలో మొదలయ్యేది పలచటి పెంకు నుంచే. ఎండాకాలం మన కడప వేడికి కోళ్లు నోరు తెరిచి రొప్పుతుంటాయి, ఆ రొప్పడం వల్లే పెంకు పలచబడుతుంది, మేతలో సున్నం తక్కువైతే ఇంకా పలచబడుతుంది. అలాంటి గుడ్డు కోడి కాలు తగిలినా చిట్లుతుంది, పిల్లి వచ్చి నాకుతుంది, రేపు మళ్లీ వెతుక్కుంటూ వస్తుంది. కాబట్టి నీడలో చల్లటి నీళ్లు పెట్టు, ఎండ ఎక్కువున్నప్పుడు రెండు మూడు సార్లు మార్చు. సున్నానికి దూరం పోనక్కర్లేదు, మన నాపరాయి సున్నపురాయే, ఇన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది దాని కోసమే కదా. బండలు కోసే చోట పడి ఉండే చిన్న రవ్వను కడిగి వేరే గిన్నెలో పెడితే కోళ్లు తమకు కావాల్సినంత ఏరుకుంటాయి. వంటింట్లో మిగిలిన గుడ్డు పెంకులైతే బాగా ఎండబెట్టి, పెంకు అని గుర్తు పట్టలేనంత మెత్తగా నలిపి వేయి. దిబ్బ మీద ముక్కలుగా పడేయకు, కోళ్లకూ పిల్లికీ అదే అలవాటు అవుతుంది.

గంపను పైకి వేలాడదీస్తే చాలని ఎవరైనా చెప్తే వినకు. కుక్కకు అందదేమో గానీ, నాలుగైదడుగుల ఎత్తు పిల్లికి లెక్క కాదు. కోడి దూరే సందులో పిల్లి కూడా దూరుతుంది. నాకు తెలిసి బాగా పనిచేసేది పొద్దున పూట కోళ్లను మూసి ఉంచడమే. ఎక్కువ గుడ్లు తెల్లారినప్పటి నుంచి పదకొండు లోపే పడతాయి, అందుకని మెష్ వేసిన గూట్లోనే మేత, నీళ్లు, గుడ్లు పెట్టే గంప అన్నీ ఇచ్చి, గుడ్లు ఏరుకున్నాకే తలుపు తియ్యి. గుడ్డుకూ గుడ్డుకూ మధ్య ఒక రోజు కంటే కాస్త ఎక్కువే పడుతుంది కాబట్టి ఒక్కో పెట్ట రోజురోజుకూ ఆలస్యం చేస్తుంది, మధ్యాహ్నం ఇంకోసారి చూసుకో. మెష్ అర అంగుళం కళ్లున్నది కొను, పెద్ద కళ్లది ఎలుకలను ఆపదు.

ఉద్యోగానికి పోతే ఏరేదెవరంటావా, అప్పుడు గుడ్డు దొర్లిపోయే గూడు చేయించు. అడుగు పొడవుకు అంగుళం వాలు వచ్చేలా పలక పెట్టి పైన రబ్బరు మ్యాట్ పరుస్తారు, కోడి లేవగానే గుడ్డు రెండంగుళాల సందు కింద నుంచి వెనక తొట్టిలోకి పోతుంది. సందు నుంచి అడుగు దూరం పోయేలా ఉంటే పంజా చాచినా అందదు, తొట్టి చివర గోనెపట్ట మడిచి వేస్తే గుడ్డు చిట్లదు. తొట్టికి మూతగా కడప బండ ముక్క పెట్టు, దాన్ని ఏ పిల్లీ జరపలేదు. మొదట్లో కోళ్లు ఆ గూటికి పోవు, పెన్నలో దొరికే నున్నటి తెల్లరాయి ఒకటి లోపల పెడితే గుడ్డనుకుని అలవాటు పడతాయి.

పిల్లికి కూడా కడుపు నింపు. పాలు ఒక్కటే పోస్తే సరిపోదు, చేపో మాంసమో కాస్త పొద్దున్నే, కోళ్లను వదలకముందే పెట్టు. పిల్లలున్న తల్లి పిల్లి అయితే ఇంకా ఎక్కువ పెట్టాలి. పచ్చి గుడ్డు మాత్రం చేత్తో పెట్టొద్దు. గుడ్డులో కారం కూరే పని వద్దు, కళ్లలో పడితే పిల్లి అల్లాడిపోతుంది, పైగా కోళ్లకు, కాకులకు కారం అసలు తెలియదు. ఫినాయిల్, కలరా ఉండలు, ఎలుకల మందు వీటి జోలికి అస్సలు పోవద్దు, అవి పిల్లికే కాదు, నీ కోళ్లకూ విషమే. జంతువులకు విషం పెట్టడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

ఇక ఈ నెలలో పెట్టను పొదగేయాలని ఉందన్నావు కదా, ఆ ఇరవై ఒక్క రోజులు దాన్ని వేరే గదిలో పెద్ద గంప కింద మూసి, పైన రాయి పెట్టు. రోజుకోసారి మేతకు వదిలినప్పుడు పక్కనే నిలబడు, పావుగంట చాలు. పిల్లలు లేచాక గుడ్ల కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎంత మంచి పిల్లైనా పరుగెత్తే కోడిపిల్లను చూస్తే ఆగదు, రెక్కలు బాగా వచ్చేదాకా తల్లితో పాటు వాటిని మెష్ లోపలే ఉంచు.

మీ పెద్దమ్మ