ఉగాదికి ఫండింగ్ రాలేదన్న తమ్ముడికి

తమ్ముడూ, మీ అమెరికా క్యాంపస్‌లో ఉగాది చేద్దామంటే స్టూడెంట్ గవర్నమెంట్ (విద్యార్థులు ఎన్నుకునే సంఘం) డబ్బు ఇవ్వనంది, ఇంట్లో కలిపిన పచ్చడి కూడా వద్దంది అన్నావు కదా. టెన్షన్ పడకు, మొదటి ఏడాది మాకూ ఇదే జరిగింది.

మేం అప్లికేషన్‌లో "తెలుగు విద్యార్థుల గెట్ టుగెదర్" అని రాశాం. అక్కడే దెబ్బతిన్నాం. ఆ డబ్బు విద్యార్థులందరూ కట్టే ఫీజులోంచి వస్తుంది, కాబట్టి ఎవరైనా రావచ్చని స్పష్టంగా కనిపించాలి. మరుసటి ఏడాది "ఆరు రుచుల కొత్త సంవత్సరం, అందరూ రండి" అని మార్చి, విదేశీ విద్యార్థుల పనులు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసును కూడా కలుపుకున్నాం. డబ్బు వచ్చింది.

భోజనం లైసెన్స్ ఉన్న రెస్టారెంట్ నుంచే తెప్పించు, పచ్చడీ వాళ్లనే కలపమను. గిన్నె ముందు పదార్థాల పేర్లు చీటీ మీద రాసి పెట్టు, అలర్జీల గొడవ ఉండదు. మా దగ్గర వేపపువ్వు చీటీ చదివి ఒక కొరియా అమ్మాయి రెండోసారి వేయించుకుంది. మనవాళ్లే ముఖం చిట్లించారు! దీపం మాత్రం బ్యాటరీదే పెట్టు, ఫైర్ అలారం మోగితే పండగ పార్కింగ్ లాట్‌లోనే.

ఈసారి గడువు దాటిపోయుంటే నవంబర్‌లో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ (అంతర్జాతీయ విద్యా వారోత్సవం) ఉంటుంది, 2000 నుంచి జరుగుతోంది. అందులో ఒక స్టాల్ అడుగు. సెప్టెంబర్‌లోనే మెయిల్ పెట్టు.